చౌక వేరు, పొదుపు వేరు

కోనసీమలో ఇల్లు కట్టేవాడు ముందు నీటితో, ఆపైన గాలితో లెక్క తేల్చుకోవాలి. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ గోదావరి లంక గ్రామాలను ముంచెత్తింది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఈ నేల స్వభావం తెలిసినందునే పాతకాలపు మండువా లోగిళ్లకు ఎత్తయిన అరుగులు, వాలు పెంకుల కప్పులు ఉండేవి. అవి అలంకారాలు కావు, అవసరాలు.

2020 డిసెంబరులో మొదలైన 'పేదలందరికీ ఇళ్లు' పథకంలో పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు స్థలం, 340 చదరపు అడుగుల ఇల్లు, 1.80 లక్షల రూపాయల సాయం నిర్ణయించారు. అనంతపురం గట్టి నేలకూ, రాజోలు వరిచేల మెరకకూ అప్పుడు అదే మొత్తం పెట్టారు. పల్లపు స్థలంలో పునాది ఎత్తుకు పట్టే అదనపు ఇటుక, మట్టి, కూలి ఖర్చును పేదవాడు అప్పు తెచ్చి భరించాల్సి వచ్చింది. సమానంగా పంచినట్లు కనిపించే ఈ లెక్కలో అసమానత దాగి ఉంది.

అప్పు పుట్టనివాడు ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. ఆ కోత ముందుగా పునాది ఎత్తుమీద, డాబా మెట్లమీద పడుతుంది. వరద గడపదాటిన రాత్రి పిల్లలనూ ముసలివారినీ పైకి చేర్చేది ఆ మెట్లే. వాటిని మానుకోవడం చౌక అవుతుందేమో గాని, పొదుపు కాదు.

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు లారెన్స్ మైల్స్, యుద్ధకాలపు సరుకు కొరత నేర్పిన పాఠాన్ని 1947లో ఒక పద్ధతిగా మలిచాడు. దానినే నేడు వాల్యూ ఇంజనీరింగ్ అంటున్నారు. ఒక వస్తువు ధర ఎంత అని కాక, అది చేసే పని ఏమిటి, ఆ పనిని తక్కువ ఖర్చుతో చేయించే మార్గం ఉన్నదా అని అడగడమే దాని సారం. ఈ ప్రశ్న వేస్తే మెట్లు తీసివేయనక్కరలేదు. పక్కపక్క ఇళ్లవారు ఇద్దరూ ఒప్పుకుంటే ఒకే మెట్ల వరుస రెండు డాబాలకూ చాలుతుంది. కేరళలో లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడిలో ఇటుకలను అంచుమీద నిలబెట్టి నడుమ ఖాళీ వదులుతారు. దానితో సుమారు నాలుగోవంతు ఇటుక మిగులుతుంది. తుపాను గాలికి గోడ తట్టుకొనేలా ఎక్కడ బిగింపు కావాలో ఇంజనీరు చెప్పాలి. ఆ సలహా పేదవాడికి అందడమే అరుదు.

మన షాదీఖానాల విషయంలోనూ ఈ ప్రశ్న వేసుకోవడం మంచిది. ఉన్న నిధులు ముఖద్వారానికీ కమానులకూ అయిపోయి, వంటశాల, స్త్రీల మరుగుదొడ్లు 'రెండో విడత'కు వాయిదా పడటం మనకు కొత్త కాదు. (ఆ రెండో విడత ఎప్పుడొస్తుందో అందరికీ తెలిసిందే.) ఏడాదిలో కొన్ని రోజులే పెళ్లిళ్లు జరిగే హాలును వరద మట్టానికి పైన కట్టి, మంచినీరు, మరుగుదొడ్లు అమర్చితే, ఆపదలో ఆ వీధిలోని అన్ని మతాల కుటుంబాలకూ అదే ఆశ్రయమవుతుంది.

ప్రభుత్వం లేఅవుటువారీగా వరద గుర్తు నమోదు చేసి, దానికి మించిన ఎత్తులో పునాది నిర్ణయించాలి. ఆ అదనపు ఖర్చును ఇంటి సాయంతో కలపక విడిగా మంజూరు చేయాలి. అంచనా పత్రాన్ని తెలుగులో సచివాలయం గోడకు అంటించాలి. లబ్ధిదారులు సంతకం పెట్టే ముందు దానిని చదివించుకొని, తమ ఇంటి పునాది ఎన్ని అడుగులో అడిగి రాయించుకోవాలి.