గొంగడి మీద వ్యాసం

“నాకు ప్రియమైన వస్తువు” అని వ్యాసరచనకు విషయమిస్తే పిల్లలు సాధారణంగా చేతిగడియారాన్నో, కలాన్నో, ఈ మధ్య సెల్‌ఫోన్‌నో ఎన్నుకుంటారు. ఆ వస్తువు ఇంట్లో లేకపోయినా చిక్కు లేదు, గైడులో ఉంటుంది. “సుందరమైనది, అపురూపమైనది, ప్రాణసమానమైనది” అన్న విశేషణాలతో పుట నిండిపోతుంది. పదికి ఏడు మార్కులు కూడా పడతాయి.

కల్వకుర్తి ప్రాంతపు విద్యార్థికి ఇంతకంటె మంచి వస్తువు కరువా? గొర్రెల మంద ఉన్న ఇంట పుట్టినవాడు మొదట మోహపడేది తాత భుజం మీది గొంగడిని చూచి. జడివానలో తాత దానిని కొప్పెరగా వేసుకొని నిలబడితే, ఆ నల్లని గోపురంలో చోటు దొరికిన పసివాడికి అంతకు మించిన కోట లేదు. రాత్రికి అదే పడక, పగలు అదే గొడుగు. “ఎక్కడ వేసిన గొంగళి అక్కడే” అన్నవాడెవడో కాపరిని ఎరుగడు. మేత వెదకుతూ మంద ఊళ్ళు దాటిపోతే గొంగడీ వెంట పోతుంది.

ఇష్టమని చెప్పినంతమాత్రాన వ్యాసం కాదు. నల్లగొర్రె ఉన్నిని కత్తిరించి, ఏకి, ఆడవారు వడకగా వచ్చిన నూలు మగ్గమెక్కుతుంది. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ గంజి వల్లనే పోగు బిగిసి, నేత గట్టిపడుతుంది. వాన నీరు త్వరగా లోపలికి దిగదు. పసితనంలో తనను ముంచెత్తిన ఆ వెచ్చదనానికి కారణాలు ఇవి అని తెలుసుకొని వ్రాసినవాడిదే నిజమైన ప్రేమ. తక్కినవారిది స్తోత్రపాఠం.

ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌కు నాలుగైదేండ్ల వయస్సులో తండ్రి దిక్సూచిని చూపించాడు. 1949లో వెలువడిన ఆత్మకథాత్మక రచనలో ఆయన దాని అందాన్ని పొగడలేదు. ఎవరూ తాకకుండానే ముల్లు ఆ తీరున మెలగడం చూచి పొందిన ఆశ్చర్యాన్ని చెప్పాడు.

అంత దూరం పోనక్కరలేదు. పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు “ఆంధ్రుల సాంఘిక చరిత్ర”ను వ్రాయగలిగింది, పూర్వకవులు తమ కాలపు బట్టలను, నగలను, ఆటలను, వంటకాలను పేరు పెట్టి చెప్పినందువల్లనే. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందిన ఆ గ్రంథానికి పునాది ఇటువంటి చిన్న చిన్న వస్తువుల పేర్లు. ఆ కవులు “అపురూపమైన వస్త్రము” అని సరిపెట్టి ఉంటే ఆయనకు దొరికేది ఏమున్నది?

నేడు ఈ ప్రాంతంలో ఉన్నినిచ్చే దక్కని గొర్రె తగ్గిపోతున్నది. మాంసం కోసం పెంచే ఉన్నిలేని నెల్లూరు జాతి దాని చోటుకు వస్తున్నది. మిల్లు దుప్పటి చౌక, ప్లాస్టిక్ పట్టా ఇంకా చౌక. మగ్గం ఆగిన ఇంట దాని మాటలు మరొక తరం నిలవడం కష్టం. ఇటువంటి సమయంలో పిల్లవాడు “గొంగడి” అని వ్రాస్తే ఎర్రసిరాతో కొట్టి “కంబళి” అని దిద్దే ఉపాధ్యాయులు ఉండడం విచారకరం. అది శుద్ధి కాదు, నష్టం.

అక్షరదోషాలు దిద్దడం ఉపాధ్యాయుని పని, కాదనేవారు లేరు. వస్తుదోషాలు దిద్దే అధికారం మాత్రం ఆ ఇంటి నాయనమ్మది. వ్యాసం ఆమెకు చదివి వినిపించి, ఏకడానికీ వడకడానికీ మధ్య ఏమి వదలిపెట్టాడో ఆమె చెప్పిన తరువాతనే శుద్ధప్రతి వ్రాసుకొని రమ్మనాలి.