దండెం మీద శుభం కార్డు!

ఈ వారం ఏ తార గురించి రాశాడోనని ఆత్రంగా పేజీ తిప్పారు కదూ? మన్నించాలి. ఈ వారం మన కథానాయకుడు బకెట్టు, కథానాయిక సబ్బుబిళ్ళ! నవ్వితే నవ్వండిగాని చివరిదాకా చదవండి.

స్టూడియోల చుట్టూ, పత్రికాఫీసుల చుట్టూ తిరిగే నాలాంటి ఫ్రీలాన్సు జర్నలిస్టుకి "ఇది అయిపోయింది" అని చెప్పుకోదగ్గ పని ఒక్కటీ వుండదు. రాసింది అచ్చవ్వాలి. అచ్చయినదానికి డబ్బు రావాలి. పరీక్ష రాసి ఫలితాల కోసం, ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి కబురు కోసం ఎదురుచూసే మీకు ఈ బాధ నేను చెప్పాలా? కాని ఆదివారం పొద్దున్నే నానబెట్టిన అయిదు చొక్కాలు మాత్రం, పదకొండు కొట్టేసరికి దండెమెక్కి కూర్చుంటాయి. పని మొదలైంది, అయిపోయింది, ఎదురుగా కనబడుతోంది! అందులో వున్న తృప్తి చేసి చూస్తేగాని తెలీదు.

ఇంకో సుఖం కూడా వుందండోయ్. తడిచేత్తో ఫోను పట్టుకోలేం! ఆ అరగంటా ఎవరి ట్రైలరూ చూడం, ఎవరి అభిమానులతోనూ పోట్లాడం. రుద్దడం, జాడించడం, పిండడం, దులపడం... చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు తీరిగ్గా ఓ మూల కూర్చుంటుంది.

వినోదం లేదంటారా? చొక్కా మీద పప్పు ఒలికి పసుపు మరక పడిందనుకోండి. సబ్బు పెట్టగానే అది భగ్గుమని ఎర్రబడుతుంది! సబ్బులోని క్షారం తగిలితే పసుపు రంగు మార్చుకుంటుంది మరి. కొత్తవాళ్ళు చొక్కా పాడైపోయిందని కంగారుపడతారు. అది ఇంటర్వెల్ సస్పెన్సు మాత్రమే! శుభ్రంగా జాడించి మంచి ఎండలో ఆరేయండి. పసుపు రంగు వెలుతురుకి నిలవలేదు. మరక మెల్లమెల్లగా వెలిసిపోతుంది. విలన్ని సూర్యుడే చూసుకుంటాడన్నమాట.

నీలిమందు సంగతి మరీ తమాషా. అది మురికిని వదిలించదు. పాతబడ్డ తెల్లబట్టకి వచ్చే పచ్చదనాన్ని కాస్త నీలంతో కప్పేస్తుంది. మన కంటికేమో తెల్లగా మెరిసిపోతున్నట్టుంటుంది. సినిమావాళ్ళది సరిగ్గా దీనికి తిరగేసిన చిట్కా! మరీ తెల్లటి బట్ట లైట్ల కింద వెలిగిపోయి, హీరో ముఖం కంటే చొక్కాయే ముందు కనబడుతుంది. అందుకని తెల్లబట్టల్ని టీ డికాక్షన్లో ముంచి కాస్త మసక చేయడం కాస్ట్యూమ్స్ విభాగంలో ఎప్పటినుంచో వున్న పద్ధతి. తెర మీద మనం మురిసిపోయే మల్లెపువ్వులాంటి లాల్చీకి అలా తేనీటి స్నానం అయివుండొచ్చు!

ఈ మాటలన్నీ చెప్పి, "బట్టలుతుకుతుంటే మనసెంత హాయిగా వుంటుందో కదమ్మా!" అన్నాను మా అమ్మతో.

అమ్మ నా వంక ఎగాదిగా చూసింది. "అయిదు చొక్కాలైతే హాయిగానే వుంటుందిరా నాయనా! ఆరుగురి బట్టలు ముప్ఫయ్యేళ్ళు ఉతికి, అప్పుడు చెప్పు" అంది.

అదీ అసలు డైలాగు! ఎవరి బట్టలు వాళ్ళు, ఇష్టపడి, తీరిగ్గా ఉతుక్కుంటే అది హాయి. ఇంటిల్లిపాదీ విడిచిన గుట్ట ఒక్క మనిషి నెత్తిన పడితే అది చాకిరీ. వాషింగ్ మిషన్ వచ్చినా ఆరేసేది, మడతపెట్టేది చాలా ఇళ్ళల్లో ఇంకా ఆవిడేగా?

ప్రకటన చిత్రాలకి కూడా ఈ సంగతి ఆలస్యంగానే తట్టింది. 1980లలో సర్ఫ్ ప్రకటనలోని లలితాజీ దేశమంతటికీ తెలుసు. ఆ పాత్ర వేసిన కవితా చౌధురి 1989లో దూరదర్శన్‌లో వచ్చిన 'ఉడాన్'తో మరింత పేరు తెచ్చుకున్నారు. 2024లో కన్నుమూశారు. లలితాజీ ఎంత తెలివైనదైనా, ఉతుకుడు బాధ్యత మాత్రం ఆవిడదే! 2016లో వచ్చిన ఏరియల్ ప్రకటనలో ఓ తండ్రి, ఉద్యోగం చేస్తూ ఇంటి పనంతా ఒంటిచేత్తో లాక్కొస్తున్న కూతుర్ని చూసి, ఇన్నాళ్ళూ తన భార్యకి తాను సాయం చేయలేదని బాధపడతాడు. ఇంటికెళ్ళి తన బట్టలు తానే మిషన్లో వేస్తాడు. రెండు నిమిషాల సినిమా! కాని మూడు గంటల కుటుంబ కథాచిత్రాలు చాలావాటిల్లో ఆ మాట వినబడలేదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మొదటాటకి వేసుకెళ్ళే చొక్కా మొదటిరోజు ఉదయం "అమ్మా, ఎక్కడా?" అని కేకేసి అడక్కండి. ముందురోజే మీరే ఉతకండి. రంగుబట్టలైతే తిరగేసి నీడపట్టున ఆరేయండి, తెల్లవైతే ఎండకి వదిలేయండి. ఆరాక మడతపెట్టే పని కూడా మీదే సుమా! క్లైమాక్స్ చూడకుండా లేచిపోతే ఎలా?

మీ మనసుకి కాస్త శాంతి, అమ్మకి ఓ ఆదివారం. టిక్కెట్టు వెల ఒక్క సబ్బుబిళ్ళ!