కడలిలో హోరు... పార్పాయిస్ చెవికి గండం

చీకటి నీటిలో చెవినే కన్నుగా చేసుకొని బతికే జీవి పార్పాయిస్. డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టమైన ఈ చిన్న సముద్ర క్షీరదానికి మనిషి చేసే చప్పుడే ఇప్పుడు గండంగా పరిణమించింది. ఉత్తర ఐరోపా జలాల్లో గాలిమరల నిర్మాణం, పాత మందుపాతరల పేల్చివేత, ఎడతెగని నౌకల రాకపోకలు దాని వినికిడిని దెబ్బతీస్తున్న తీరు రెండు దశాబ్దాల పరిశీలనల్లో తేటతెల్లమైంది. తీరప్రాంతం ఉన్న ప్రతి దేశానికీ ఇది హెచ్చరికే.

చెవే ఆధారం

ఉత్తర సముద్రం, బాల్టిక్ సముద్రాల్లో తిరిగే హార్బర్ పార్పాయిస్ పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్‌లకు మించిన ధ్వనిని పట్టలేదు. పార్పాయిస్ మాత్రం 130 కిలోహెర్ట్జ్‌ల ప్రాంతంలో సన్నని ధ్వనులను వెలువరించి, చేపను తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎర జాడ పసిగడుతుంది. చలినీటిలో ఒంటి వేడిని నిలుపుకోవాలంటే ఈ చిన్న ప్రాణి రేయింబవళ్లు తింటూనే ఉండాలి. డెన్మార్క్ జలాల్లో వీటి వీపులకు పరికరాలు అమర్చి జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. గంటకు 550 వరకు చిన్న చేపల కోసం ఇవి ప్రయత్నిస్తున్నాయని అందులో తేలింది. అంటే కొద్ది గంటల పాటు వేట ఆగినా ఈ జీవికి నష్టమేనన్నమాట.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో సాగుతుంది. ఇది గాలిలోని వేగానికి నాలుగు రెట్లకు పైమాటే. పైగా నీటిలో మంద్రస్థాయి ధ్వనులు అంత త్వరగా సన్నగిల్లవు. పదుల కిలోమీటర్ల దూరం పోతాయి.

సమ్మెట దెబ్బ

సముద్రంలో గాలిమరను నిలపాలంటే భారీ ఉక్కు స్తంభాలను సమ్మెట యంత్రాలతో అడుగునేలలోకి దిగగొట్టాలి. ఇందుకు వేలాది దెబ్బలు పడతాయి. ఒక్కో దెబ్బకూ పుట్టే ధ్వని సమీపంలోని జీవి లోపలిచెవిలో ఉండే సున్నితమైన రోమకణాలను దెబ్బతీయగలదు. దెబ్బ స్వల్పమైతే వినికిడి కొన్ని గంటల్లోనో, రోజుల్లోనో తిరిగి వస్తుంది. తీవ్రమైతే శాశ్వతంగా పోతుంది.

డెన్మార్క్‌లో మనుషుల సంరక్షణలో ఉన్న ఒక పార్పాయిస్‌కు ఎయిర్‌గన్ ధ్వనిని వినిపించి జరిపిన పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్క పేలుడు ధ్వని శక్తి 164 డెసిబెళ్లు దాటగానే దాని వినికిడి తాత్కాలికంగా మందగించింది. నీటిలోని డెసిబెళ్లను గాలిలోని వాటితో నేరుగా పోల్చరాదు. ఈ ఒక్క అంకె తదనంతర నిబంధనల రూపకల్పనలో కీలకమైంది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. సమ్మెట, ఎయిర్‌గన్‌ల ధ్వనిలో అధిక భాగం మంద్రస్థాయిదే. వినికిడి లోపం కూడా ప్రధానంగా ఆ స్థాయిలోనే ఏర్పడుతుంది. వేటకు అక్కరకు వచ్చే 130 కిలోహెర్ట్జ్‌ల వినికిడి నేరుగా దెబ్బతినకపోవచ్చు. అంతమాత్రాన ముప్పు తప్పినట్లు కాదు. పరిసరాల సవ్వడిని గుర్తించడంలో తడబాటు కలగవచ్చు. అంతకన్నా ముఖ్యంగా చప్పుడుకు బెదిరి అవి మేత ఉన్న చోటు విడిచిపోతాయి. జర్మనీ తొలి సముద్ర గాలిమరల క్షేత్రం ఆల్ఫా వెంటస్ నిర్మాణం 2009లో సాగినప్పుడు సుమారు 20 కిలోమీటర్ల పరిధిలో పార్పాయిస్‌లు దూరంగా తొలగిపోయాయి. నౌకల హోరు పెరిగినప్పుడు ఇవి వేట మానుకుంటున్నట్లు 2018లో వెలువడిన మరో డెన్మార్క్ అధ్యయనం చాటింది.

పాత యుద్ధం, కొత్త మరణాలు

చెవికి కలిగే హాని ఎంత దారుణంగా ఉండగలదో బాల్టిక్ ఉదంతం చెబుతుంది. 2019 ఆగస్టు చివర్లో జర్మనీ సమీపంలోని ఫెమార్న్ బెల్ట్‌లో రెండో ప్రపంచయుద్ధం నాటి 42 బ్రిటిష్ మందుపాతరలను పేల్చివేశారు. ఆపై సెప్టెంబరు, నవంబరు మధ్య ఆ తీరానికి 41 పార్పాయిస్‌ల కళేబరాలు కొట్టుకువచ్చాయి. వాటిలో 24 కళేబరాలను పరీక్షించగా 10 జీవుల్లో పేలుడు గాయాలు బయటపడ్డాయి. చెవి లోపలి ఎముకలు స్థానభ్రంశం చెందడం, చెవి చుట్టూ రక్తస్రావం వాటిలో కనిపించాయి.

బుడగల తెర

నివారణ అసాధ్యమేమీ కాదు. జర్మనీ జలాల్లో స్తంభాలు దిగగొట్టే చోటికి 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ ధ్వని శక్తి 160 డెసిబెళ్లు మించరాదన్న నిబంధన ఉంది. దీనిని పాటించేందుకు చిల్లులు పెట్టిన గొట్టాన్ని సముద్రం అడుగున చుట్టూ పరచి అందులోకి గాలిని పంపుతారు. పైకి లేచే బుడగల తెర ధ్వనిని అణచివేస్తుంది. పాత బాంబులను పేల్చకుండా లోపలి మందును మండించి వేసే పద్ధతీ ఉంది. నౌకలు వేగం తగ్గిస్తే హోరు తగ్గుతుంది. నౌకల ధ్వని తగ్గింపుపై అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలను 2023లో సవరించింది. కానీ అవి నిర్బంధం కాకపోవడం గమనార్హం.

కాలుష్యం లేని విద్యుత్తు కావాలి. ప్రమాదకర మందుపాతరలను తొలగించక తప్పదు. అందుచేత పని మానడమా అన్నది ప్రశ్న కాదు, ఎలా చేయాలన్నదే ప్రశ్న. ఆ ఖర్చును నిర్మాణ వ్యయంలో మొదటే కలపాలన్నది జర్మనీ అనుభవం నేర్పే పాఠం.

మన తీరానికీ వర్తింపు

ఈ జాతికి చెందిన మరో జీవి మన దేశ తీరజలాల్లోనూ ఉంది. వీపుపై రెక్క లేని ఫిన్‌లెస్ పార్పాయిస్ తీరానికి దగ్గరగా, లోతు తక్కువ నీటిలో తిరుగుతుంది. నౌకలు, పడవలు, వలలు ఎక్కువగా ఉండేదీ అక్కడే. వలల్లో చిక్కి చనిపోవడం దీనికి పెద్ద ముప్పు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు దీనికి రక్షణ కల్పించింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్ర గాలిమరలకు ఆర్థిక తోడ్పాటునిచ్చే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో ఆమోదించింది. తొలి స్తంభం దిగకముందే ఆ జలాల్లోని జీవులను లెక్కించి, ధ్వనికి హద్దు గీయడం మేలు. గాయపడిన చెవికి చికిత్స లేదు. ముందుజాగ్రత్తే దానికి మందు.