మెట్లే కట్టకుండా ఎక్కలేదంటారా?

రాజాంలో ఉద్యోగాల మాట వచ్చిందంటే ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది: సత్తా ఉన్నవాడు ఎక్కడున్నా పైకొస్తాడు, రానివాడు తన చేతకానితనాన్ని ఆఫీసు మీదకు నెడతాడు. రుజువుగా, ఈ ఊళ్లో జూట్ మిల్లుతో మొదలుపెట్టి విమానాశ్రయాలు కట్టేదాకా ఎదిగిన గ్రంధి మల్లికార్జునరావు పేరు చెబుతారు. ఆ ఎదుగుదల నిజం, ఊరు గర్వపడాల్సిందే. కానీ ఆయన వ్యాపారి. పెట్టుబడి పెట్టినవాడు తన పై మెట్టు తానే కట్టుకోగలడు. నెలజీతగాడికి ఆ వీలు లేదు. పైపోస్టు మంజూరు చేయాల్సింది, దానికి నిబంధన రాయాల్సింది యజమాని. ఈ తేడా మరిచిన పోలిక వల్ల రాజాం పట్టణంలోనూ, చుట్టూ ఉన్న సంతకవిటి, రేగిడి, వంగర మండలాల్లోనూ గ్రామ, వార్డు సచివాలయాల్లో పనిచేస్తున్నవాళ్లకు చాలా అన్యాయం జరుగుతోంది.

సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న మొదలైంది. లక్షా 26 వేల పైచిలుకు పోస్టులకు 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంత వడపోతలో నెగ్గినవాళ్లను, వాళ్లలో ఎందరో బీటెక్‌లూ పీజీలూ చదివినవాళ్లను, సత్తా లేనివాళ్లని ఏ నోటితో అంటాం? రెండేళ్ల ప్రొబేషన్, నెలకు 15 వేలు అని చేర్చుకున్నారు. రెండేళ్లు 2021 అక్టోబరుకే నిండినా, కొత్త స్కేలు అమలైంది 2022 జూలై నుంచి. అంతకన్నా పెద్ద లోపం పుట్టుకలోనే ఉంది. తహసీల్దారు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన కుర్రాడికి పై దారి మొదటిరోజే తెలుసు: డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాస్తే సీనియర్ అసిస్టెంట్, ఆపైన డిప్యూటీ తహసీల్దారు, కలిసొస్తే తహసీల్దారు. అదే వయసులో, అంతకన్నా పెద్ద చదువుతో సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా చేరిన అమ్మాయికి పైపోస్టు ఏమిటో పోస్టు సృష్టించిన రోజున ఎవరూ రాయలేదు. పంచాయతీ కార్యదర్శికైతే గ్రేడులున్నాయి. సచివాలయాల్లోని మహిళా పోలీసుల విషయంలో, వాళ్లను పోలీసు శాఖలో కలపడం మీదే హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. 2019లో 25 ఏళ్లకు చేరిన ఉద్యోగి 62 ఏళ్లకు, అంటే 2056లో రిటైరవుతారు. అప్పటిదాకా అదే కుర్చీలో కూర్చోవాలా?

ఆఫీసు వాతావరణం చెడింది కూడా ఈ పై మెట్టు లేకపోవడం వల్లే. సచివాలయ ఉద్యోగి మండలంలో ఎంపీడీవోకూ జవాబు చెప్పాలి, మాతృశాఖ అధికారికీ చెప్పాలి. 2024 జూలై 1 నుంచి ఇంటింటికీ పింఛన్ల పంపిణీ ప్రధానంగా వీళ్ల మీదే పడింది. ఒకటో తారీఖు పొద్దున్నే నగదు సంచి భుజాన వేసుకుని గడపగడపకూ వెళ్లాలి; ముసలమ్మ అరిగిపోయిన వేలిముద్ర యంత్రంలో పడకపోతే మళ్లీ మళ్లీ పెట్టించాలి, సిగ్నల్ లేకపోతే వీధి చివరిదాకా నడిపించాలి. ఆపైన సర్వేలు, రోజుకింత శాతం అని వాట్సాప్ గ్రూపులో లెక్కలు, వెనకబడితే అందరి ముందూ పేరు. బాగా చేసినవాళ్లకు ఇవ్వడానికి అధికారి చేతిలో పదోన్నతి లేదు. ఉన్నది మెమో ఒక్కటే. బహుమానం లేనిచోట పని చేయించుకునే సాధనం భయమే అవుతుంది, ఎంత మంచి అధికారి వచ్చినా సరే. అందుకే ఇది మనుషుల స్వభావాల తగువు కాదు, పోస్టుల నిర్మాణంలో ఉన్న తప్పు అంటున్నాను.

అందరికీ పదోన్నతి ఎక్కడినుంచి తెస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లక్షమందీ ఎంపీడీవోలు కాలేరు. ఎవరూ అలా కోరడం లేదు. పోటీ పడడానికి ఒక మెట్టు, దానికి రాతపూర్వకమైన నిబంధన ఉండాలంటున్నారు. బీహార్ పోలీసు వైర్‌లెస్ విభాగం వారి కేసులో, ప్రభుత్వ సేవలోని ప్రతి విభాగంలోనూ సముచితమైన పదోన్నతి అవకాశాలుండాలని, ఆ ఉద్యోగులకు కనీసం రెండు కల్పించాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఆరేళ్లకు, పన్నెండేళ్లకు స్కేలు పెరుగుతుంది కదా అనేది మరో మాట. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము పుట్టిందే ఒకే పోస్టులో ఏళ్లతరబడి ఉండిపోయేవారికి ఊరటగా. దానివల్ల జీతం పెరుగుతుంది, బాధ్యత పెరగదు. ఊళ్లో లక్షణమైన చదువులు చదివి ఖాళీగా ఉన్నవాళ్లు, హైదరాబాద్, చెన్నై వలసపోయేవాళ్లు ఎందరో ఉండగా వీళ్లకేం లోటన్న మాటను మాత్రం తేలిగ్గా తీసేయలేను. ఆ కడుపుమంటలో నిజం ఉంది. అయితే ఉద్యోగం లేనివాడి కష్టానికి మందు ఉద్యోగం ఇవ్వడమే గాని, ఉన్నవాడి నోరు మూయించడం కాదు.

ఇక గ్రూప్-2 రాసుకోమనే సలహా. అది పదోన్నతి కాదు, ఆ ఉద్యోగం మానేసే దారి. చురుకైనవాళ్లు ఆ దారిన పోతే ఏ ఇంటి రేషన్ కార్డు ఎక్కడ చిక్కుకుందో, ఏ రైతు భూమి ఏ సర్వే నంబరులో తప్పుగా పడిందో ఏళ్లకొద్దీ నేర్చుకున్న అనుభవం కూడా వాళ్లతోపాటే పోతుంది, నష్టం ఊరిది. జనాభాను బట్టి సచివాలయాలను ఏ, బీ, సీ అని విభజించి సిబ్బందిని సర్దే ఆలోచన 2025లో ప్రభుత్వానికి వచ్చింది. సర్దుబాటుకు ఉత్తర్వులు ఇవ్వగలిగినవాళ్లు, మండల స్థాయిలో డిజిటల్ అసిస్టెంట్లకు ఒక పర్యవేక్షక పోస్టు, దానికో శాఖాపరమైన పరీక్ష, జిల్లాకొక సీనియారిటీ జాబితా కూడా ఇవ్వగలరు. ముందు ఆ మూడూ ఇవ్వండి.