"దెబ్బ తగల్లేదు కదా" అనేవాళ్లకు

"ఒంటి మీద దెబ్బే లేదు, కేసెందుకు?" స్టేషన్ మెట్లెక్కిన మనవాళ్లకు కొత్త మాట కాదిది.

1967లోనే టెక్సాస్ సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. హ్యూస్టన్‌లో ఒక హోటల్ బఫే వరుసలో ఫిషర్ అనే నల్లజాతి గణితవేత్త చేతిలోంచి మేనేజర్ ప్లేటు లాక్కుని, నీగ్రోలకిక్కడ పెట్టం అని అరిచాడు. ఒళ్లు తాకలేదు, గాయం లేదు. అయినా అది బ్యాటరీయే అంది కోర్టు. చేతిలో ప్లేటూ మనిషిలో భాగమే. అవమానానికి 400 డాలర్లు, మేనేజర్ దుర్మార్గానికి మరో 500.

మరి మన ఊరి టీకొట్టు? వేరే గ్లాసు పెట్టేవాడు మనల్ని తాకడు, తాకకపోవడమే వాడి నేరం. బ్యాటరీకి వాడు దొరకడు. అందుకే ఆర్టికల్ 17, అందుకే 1989 చట్టం. వాటిని గాయాల సర్టిఫికెట్‌తో కొలవకండి.

జై భీమ్.