మైదానం ముచ్చట్లు: కుడి అంచు, ఎడమ అంచు

మన కార్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఈ ఏడాది ఒకే ఒక స్థానం ఖాళీగా ఉన్నది. దానికై ఇద్దరు యువకులు పోటీ పడుతున్నారు. ఒకరు కుడి అంచున ఆడేవారు, రెండవవారు ఎడమ అంచున ఆడేవారు. ఇద్దరిలో ఎవరిని తీసుకోవాలన్న విషయమై భోజన విరామంలో క్యాంటీనులో సాగుతున్న చర్చ పాఠక మిత్రులలో పలువురు ఎరిగినదే. బెంగాలీ మిత్రులది ఒక పక్షమనీ, తెలుగువారిది మరొక పక్షమనీ పరిహాసమాడేవారు కూడా లేకపోలేదు. ఈ శీర్షిక నిర్వహిస్తున్న పాపానికి నా అభిప్రాయమూ అడిగారు. సూటిగా చెప్పేముందు, ఇదే కోల్‌కతా మైదానంలో ఒకప్పుడు ఇదే విధంగా కుడి ఎడమల నిలిచిన ఇద్దరు యువకులను గురించి నాలుగు మాటలు వ్రాయడం ఉచితమనిపించింది.

వారిలో ఒకరు ప్రదీప్ కుమార్ బెనర్జీ, రెండవవారు తులసీదాస్ బలరాం. ఇద్దరూ 1936లో జన్మించినవారే. బెనర్జీ ఉత్తర బెంగాలులోని జల్పాయ్‌గురిలో పుట్టి, జంషెడ్‌పూర్‌లో పెరిగి, పదహారేళ్లు నిండకముందే సంతోష్ ట్రోఫీలో బీహారు పక్షాన ఆడారు. 1954లో కలకత్తా వచ్చి ఆర్యన్ క్లబ్బులోను, మరుసటి ఏడు ఈస్టర్న్ రైల్వే జట్టులోను చేరారు. బలరాం జన్మస్థానం సికిందరాబాదు శివారున ఉన్న అమ్ముగూడ. తల్లిదండ్రులు తమిళులు, నిరుపేదలు. అయితే ఆయన ఆట పుట్టింది, పెరిగింది హైదరాబాదు నేల మీద. ఆ రోజులలో హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే సామాన్యమైన మాట కాదు. సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. బలరాంను గుర్తించిన కన్ను ఆయనదే.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్లిన భారత జట్టులో ఈ ఇరవయ్యేళ్ల కుర్రవాళ్లిద్దరికీ చోటు లభించింది. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి మన జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. ఆనాటి వీరుడు మూడు గోల్సు చేసిన నెవిల్ డిసౌజా. మన ఇద్దరికీ అది తొలి పాఠం మాత్రమే.

అసలు పరీక్ష 1960లో రోమ్ నగరంలో జరిగింది. బెనర్జీ నాయకుడు, రహీం శిక్షకుడు. మనకు ఎదురైన జట్లు హంగేరీ, ఫ్రాన్సు, పెరూ. హంగేరీ చేతిలో 2–1తో ఓడిపోయాము, మన గోలు బలరాంది. ఫ్రాన్సుతో 1–1గా ముగిసిన ఆటలో ముందంజ వేసినది మనమే, ఆ గోలు బెనర్జీది. పెరూ చేతిలో 3–1తో ఓడిన ఆటలో మన గోలు మరల బలరాందే. మూడు ఆటలలో మనకు లభించినవి మూడే గోల్సు. ఆ మూడింటినీ పంచుకొన్నవారు ఈ ఇద్దరే. ఆ పోటీలలో హంగేరీకి కాంస్య పతకం దక్కిందని గుర్తుంచుకుంటే ఆ ఒక్క గోలు విలువ తెలుస్తుంది. ఆ తరువాత ఏ భారత ఫుట్‌బాల్ జట్టూ ఒలింపిక్సులో అడుగు పెట్టలేదు గనుక, ఒలింపిక్ వేదికపై మన చివరి గోల్సు కూడా అవే.

ఇక ఎవరు గొప్ప? బెనర్జీ ఆట తేటగా ఉండేది. బంతి అందగానే కుడి గీత వెంట పరుగు, దాని చివర ఫిరంగి గుండు వంటి షాట్. ఏమి చేయబోతున్నాడో ప్రత్యర్థికి తెలిసియు ఆపలేకపోవడమే అందులోని విశేషం. బలరాం ఆటలో పొదుపు ఎక్కువ. బంతిని కాలికి అంటిపెట్టుకొని, ఎదుటివాడు తొందరపడేదాకా వేచి, అతడు కదలిన వైపు విడిచి వేరొక వైపు సాగిపోవడం ఆయన పద్ధతి. ఎడమ అంచున నిలిపినా, లోపలి స్థానంలో నిలిపినా ఒదిగిపోయేవారు. ఆనాటి ముందు వరుసలో చునీ గోస్వామి సరసన ఇమిడి ఆడాలంటే ఆ గుణం లేనిదే సాగదు. నన్నడిగితే, కేవలం ఆట మాత్రమే చూస్తే, నా ఓటు బలరాంకే. తెలుగు పక్షపాతమని నిందించదలచినవారు నిందించవచ్చు.

కాని జట్టుకు మనిషిని ఎన్నుకొనేవారు ఆట ఒక్కటే చూచి ఊరుకోవడానికి లేదు. ఇక్కడే ఇద్దరి దారులు విడిపోయాయి. బెనర్జీ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లలో ఆటగాడిగా ఏనాడూ చేరలేదు. చివరిదాకా ఈస్టర్న్ రైల్వేలోనే ఉండిపోయారు. 1958లో ఆ రైల్వే జట్టు కలకత్తా లీగు గెలిచినపుడు మైదానం నివ్వెరపోయింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్లను కాదని మరొక జట్టు లీగు గెలవడానికి ఆ తరువాత 2019 దాకా ఆగవలసి వచ్చింది. ఉద్యోగుల జట్టు అంటే తేలికభావం గలవారు ఈ సంగతి ఒకసారి స్మరించుకొందురు గాక.

బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1961లో ఆయన నాయకత్వంలో ఆ జట్టు లీగు గెలిచింది, గోల్సు చేసినవారిలోను ఆయనే ప్రథముడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో థాయ్‌లాండుపై, జపానుపై ఇద్దరూ గోల్సు చేశారు. అంతిమ పోటీలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచినపుడు బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. బలరాం ఎడమ అంచున ఆడారు. ఆ స్వర్ణ పతకం తరువాత ఏడాది తిరగక మునుపే రహీం కాన్సరుతో కన్నుమూశారు.

అదే 1963లో బలరాం ఆట కూడా ముగిసింది. అప్పటికి ఆయన ఈస్ట్ బెంగాల్‌ను వీడి బి.ఎన్.ఆర్. జట్టులో చేరి ఉన్నారు. గార్డెన్ రీచ్‌లో ప్రధాన కార్యాలయం గల ఆ రైల్వే, ఖరగ్‌పూర్ నుండి వాల్తేరు దాకా ఎన్నో తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టినదని వేరుగా చెప్పనక్కరలేదు. ఊపిరితిత్తుల వ్యాధి సోకడంతో ఇరవయ్యేడేళ్లకే ఆయన బూట్లు విప్పవలసి వచ్చింది. బెనర్జీ మాత్రం 1966 ఆసియా క్రీడలలోను ఆడి, 1967లో విరమించి, పిమ్మట శిక్షకుడుగా మరొక జీవితం గడిపారు. తాను ఆటగాడిగా చేరని ఆ రెండు పెద్ద క్లబ్బులను శిక్షకుడుగా విజయపథాన నడిపారు.

గౌరవాల లెక్కలో కూడా ఈ వ్యత్యాసం కనబడుతుంది. బెనర్జీకి 1961లో, బలరాంకు 1962లో అర్జున పురస్కారం లభించింది. అక్కడితో సమానత ముగిసింది. బెనర్జీకి 1990లో పద్మశ్రీ, 2004లో ఫిఫా వారి గౌరవం దక్కాయి. బలరాంకు పద్మ పురస్కారం ఏనాడూ రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు కూడా. ఆట నుండి తప్పుకొన్న మనిషి ఎదుట కనబడకపోతే జాబితాలు తయారు చేసేవారికి గుర్తుకు రాకపోవడం మన దేశంలో క్రొత్త కాదు. అంతమాత్రాన అది న్యాయమని నేను ఒప్పుకోలేను. రోమ్‌లో చేసిన రెండు గోల్సు రెండే కదా, ఏళ్లు గడచినకొద్దీ తరుగుతాయా?

బలరాం హైదరాబాదుకు తిరిగి వెళ్లలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒంటరిగా జీవించి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో మరణించారు. బెనర్జీ అంతకు మూడేళ్ల ముందు, 2020 మార్చి 20న ఇదే నగరంలో కన్నుమూశారు.

మన ఇద్దరు కుర్రవాళ్ల విషయానికి వస్తే, తుది ఎంపిక వచ్చే శనివారం ఉదయం ఏడు గంటలకు జరుగుతుంది. ఎడమ అంచున ఆడే అబ్బాయి నెల రోజులుగా మోకాలి నొప్పితోనే పరుగెత్తుతున్నాడనీ, స్థానం చేజారుతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదనీ తెలిసింది. ఎంపికను రెండు వారాలు వాయిదా వేసి, ముందుగా అతనిని మన సంస్థ వైద్యునికి చూపించవలసిందిగా క్రీడా కార్యదర్శి గారికి లేఖ వ్రాశాను. ఈ వాక్యాలు వ్రాసే సమయానికి జవాబు రాలేదు.