ఆవుకి ఉన్న రికార్డు కుక్కకి ఏదీ?

గౌరవనీయులు రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి,

వ్యవసాయం, పాడి, చేపలు అన్నీ మీ నెత్తి మీదే ఉన్నాయి. వాటి మధ్యలోకి కుక్కల గొడవ పట్టుకొచ్చానని విసుక్కోకండి. మీరు నిమ్మాడ పల్లె మనిషి, ఆవుకి ఎద సూది వేయించడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే పని ఇప్పుడు మా వైపు కుక్కలకీ చేస్తున్నారు. చేస్తున్నదెవరు, వాళ్లని చూస్తున్నదెవరు అని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు ఆవు సంగతి. నెల్లిమర్ల చుట్టుపక్కల ఊళ్లలో ఆవు ఎదకొస్తే గోపాలమిత్రకో, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికో ఫోను వెళ్తుంది. ఆయన డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ లేస్తుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోంచి సన్నటి స్ట్రా ఒకటి పైకి తీసి, గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి గన్‌లో పెడతాడు. ఆ స్ట్రా మీద ఆబోతు నంబరు అచ్చయి ఉంటుంది. ఆవు చెవికి 12 అంకెల ట్యాగు ఉంటుంది. ఏ ఆవుకి, ఏ రోజున, ఏ ఆబోతుది వేశారో రికార్డుకెక్కాలి. అంతా సజావుగా సాగుతోందని అనను. సూది నిలవక తిట్టుకునే రైతులు బోలెడుమంది. అయినా తిట్టడానికి ఒక మనిషి, వెతకడానికి ఒక కాగితం ఉన్నాయి.

కుక్క దగ్గర ఆ రెండూ లేవు.

మా వీధిలో ఒకరింట్లో లాబ్రడార్ ఆడకుక్క ఉంది. క్రాసింగ్‌కి మగకుక్కను తెచ్చే పని లేదు, ఇంటికొచ్చి వేసేస్తామని టౌను నుంచి ఒకతను బండి మీద వచ్చాడు. భుజాన సంచి, సంచిలో థర్మాస్. ఏ కుక్కదయ్యా అంటే ఫోనులో ఫొటో చూపించాడు. పరీక్షలేమైనా చేయించారా అంటే, "గుర్రంలా ఉంది కదండీ, దానికి టెస్టులేటండీ?" అన్నాడు. వరండాలోనే ఒక ప్లాస్టిక్ గొట్టం, ఒక సిరంజి. చేతికి గ్లవుజులు కూడా లేవు. కుక్క వెనక కాళ్లు కాసేపు పైకెత్తి పట్టుకోమని ఇంటాయనకి చెప్పి, డబ్బు ఫోన్‌పే చేయించుకుని వెళ్లిపోయాడు. మధ్యలో ఏదో హార్మోను ఇంజెక్షన్ కూడా పొడిచాడు. చూలు నిలవలేదు. కొన్నాళ్లకి చీము కారడం మొదలైంది, చివరికి గర్భసంచి తీసేయాల్సొచ్చింది. అతని వల్లే అలా అయిందని నేననను. ఎద అయ్యాక కుక్కల గర్భసంచికి చీము పట్టడం ఎవరూ ముట్టుకోకపోయినా జరుగుతుంది. కానీ ఆపరేషన్ చేసిన డాక్టరు ఏం వేశారు, ఏ రోజు వేశారు, ఆ ఇంజెక్షన్ ఏమిటి అని అడిగితే జవాబు లేదు. ఫోను చేస్తే స్విచాఫ్.

ఆవుకి వేసినవాడు కుక్కకీ వేసేయగలడని జనం అనుకుంటారు. అక్కడే తేడా వస్తుంది. ఆవు పొద్దున ఎదలో కనిపిస్తే సాయంత్రం సూది వేస్తారు, లెక్క తేలిక. కుక్క ఎద రెండు మూడు వారాలు నడుస్తుంది. రక్తం కనిపించిన రోజు నుంచి వేళ్ల మీద లెక్కేస్తే ఒక కుక్కకి కుదురుతుంది, ఇంకో కుక్కకి తప్పుతుంది. పైగా కుక్క అండం విడుదలయ్యేటప్పటికి పచ్చిగానే ఉంటుంది. పక్వానికి రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. సరైన రోజు తెలియాలంటే రక్తంలో ప్రొజెస్టిరాన్ హార్మోను చూడాలి, ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. గడ్డకట్టించి నిలవచేసిన వీర్యమైతే కరిగించాక ఒక రోజు నిలవడమే గొప్ప. ఆవుకైతే లోపల చెయ్యి పెట్టి గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుంటారు. కుక్కకి ఆ వీలు లేదు. నిలవ వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపాలంటే సాధారణంగా ఎండోస్కోపు కావాలి, అది పట్టుకునే డాక్టరు కావాలి. బ్రిటన్‌లో ఈ పని పశువైద్యులు తప్ప మరొకరు చేయకూడదు. కడుపు కోసి వీర్యం వేయడాన్నయితే అక్కడ పూర్తిగా నిషేధించారు. అంత కట్టడి ఉన్న దేశంలోనే కుక్కల ఫెర్టిలిటీ క్లినిక్కులు సందుకొకటి పుట్టుకొచ్చి, అక్కడి పశువైద్యులు మొత్తుకోవాల్సొచ్చింది. చిత్రమేమిటంటే ఈ విద్య మొదలైందే కుక్కతో. 1780లో ఇటలీలో స్పల్లంజాని అనే మతగురువు ఒక ఆడకుక్కకి ఇలా వీర్యం వేస్తే 62 రోజులకి మూడు పిల్లలు పుట్టాయి. ఆవుల వంతు ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది.

ఇది కుక్కతో పోయే వ్యవహారం కూడా కాదు. బ్రూసెల్లా కేనిస్ అనే సూక్ష్మజీవి వీర్యంలోంచి ఆడకుక్కకి అంటుకుంటుంది, నెలలు నిండకముందే ఈసుకుపోయేలా చేస్తుంది. అలా పడిపోయినదాన్ని శుభ్రం చేసిన ఇల్లాలికీ అంటుకోవచ్చు. ఒకే మగకుక్క వీర్యం పది ఊళ్లకి తిరుగుతున్నప్పుడు ఆ కుక్కకి రక్తపరీక్ష అయిందో లేదో ఎవరికీ తెలియదు.

పగ్గులు, బుల్‌డాగుల సంగతి ఇంకోటి. ముక్కు నొక్కేసి తలలు పెంచిన ఈ జాతుల్లో చాలావాటికి దాటడమే కష్టం, దాటినా ఈనడం కష్టం. కడుపు సూదితో, కాన్పు కత్తితో. ఇలాంటిచోట వద్దని చెప్పే మనిషి ఒకడుండాలి. సూదికి ఇంతని పుచ్చుకునేవాడు వద్దని ఎందుకంటాడు? వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలంటే 2023లో వచ్చిన కేంద్ర నిబంధనలున్నాయి, కోర్టులు అడుగుతున్నాయి, పేపర్లు రాస్తున్నాయి. డబ్బు పెట్టి పుట్టించేవాటి మీద అందులో పదో వంతు చూపు కూడా లేదు.

చట్టం లేదని నేననను. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరే వైద్యం చేయాలి. డాక్టరు పర్యవేక్షణలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లు చేయదగ్గ చిన్నపాటి సేవలేవో చెప్పే అధికారం మాత్రం రాష్ట్రానికిచ్చింది. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద నిబంధనలు తెచ్చింది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, 18 నెలలు నిండని కుక్కని కట్టించకూడదు, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. వీటిని మీరితే 1960 నాటి మూల చట్టం వేసే జరిమానా 100 రూపాయల వరకు, లేదా మూడు నెలల వరకు జైలు. నూరు రూపాయలకి ఇప్పుడు కుక్కపిల్ల మెడ పట్టీ కూడా రాదు. అది ఢిల్లీ చట్టం, మార్చడం మీ చేతిలో లేదు కాబట్టి దాని జోలికి పోను. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను పెంచకూడదంటూ రాష్ట్రాలకి లేఖ రాస్తే ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. జాతి పేర్ల జాబితా రాసినంత తేలిక కాదు, పుట్టించే చోట నిఘా పెట్టడం.

మీ చేతిలో ఉన్నవే అడుగుతాను. కుక్కలకి కృత్రిమ పద్ధతిలో కడుపు చేయించవచ్చా, కూడదా, చేయించవచ్చంటే ఎవరు చేయాలి అన్నది మీ శాఖ ఒక్క పేజీలో, తెలుగులో రాసి ప్రతి పశువుల ఆసుపత్రి గోడకీ, పెట్ షాపుకీ అంటించాలి. కూడదంటే కూడదని రాయండి, సంతోషమే. చేయవచ్చంటే మాత్రం ఇది రాష్ట్రం ప్రకటించే చిన్న సేవల్లోకి ఎప్పటికీ రాకూడదు. డాక్టరు ఆడకుక్కని చూసి, మగకుక్క రక్తపరీక్ష కాగితం చూసి, సంతకం పెట్టాకే జరగాలి. రెండు కుక్కల మైక్రోచిప్ నంబర్లు, తేదీ, ఇచ్చిన మందులు రికార్డులోకెక్కాలి. ఆవులకి వాడే నమూనా మీ దగ్గర ఉన్నదే. జిల్లాలో రిజిస్టరైన పెంపకందారులు ఎవరో కలెక్టరేట్ బోర్డు మీద పేర్లు పెట్టించండి, కొనేవాళ్లు చూసుకుంటారు.

ఆవులకే డాక్టర్లు చాలట్లేదు, కుక్కలకెక్కడి నుంచి తేవాలి అని మీ అధికారులంటారు. న్యాయమే. మండల ఆసుపత్రి డాక్టరు మీద ఇంకో బరువు వేయమనట్లేదు. హౌరా లైను మీద మాకు దగ్గరలోనే గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కాలేజీ ఉంది. వారంలో ఒక పూట అక్కడ కుక్కల సంతానోత్పత్తి క్లినిక్ పెట్టించి, ప్రొజెస్టిరాన్ పరీక్ష చేసే మిషనొకటి ఇప్పించండి. పిల్లలు చేతులతో నేర్చుకోవడానికి కేసులు దొరుకుతాయి, మాకు సంతకం పెట్టే డాక్టరు దొరుకుతాడు. ఉచితంగా చేయమని కూడా అడగట్లేదు. ఫీజు పెట్టండి. లాబ్రడార్ పిల్లని వేలు పోసి కొనేవాళ్లు రక్తపరీక్షకి డబ్బుల్లేవనరు.

ఇట్లు,
నెల్లిమర్ల నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు